గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు

అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ రాసిన 'పెట్ సెమటరీ' (పెంపుడు జంతువుల శ్మశానం) అనే భయానక నవల గురించి ఎవరు మాట్లాడినా చివరికి పసివాడి దగ్గరికే వెళ్తారు. ట్యాంకరు కింద పడి చనిపోయిన కొడుకును తండ్రి సమాధిలోంచి తవ్వి తీసి, చచ్చినవాళ్ళను లేపుతుందని పేరున్న నేలలో మళ్ళీ పాతిపెట్టడం, ఆ తరువాత ఇంటికి తిరిగి వచ్చినది ఏమిటన్నది, ఇవే అందరికీ గుర్తుంటాయి. నేను మాత్రం ఎన్నిసార్లు చదివినా పిల్లి దగ్గరే ఆగిపోతాను. కొడుకు కోసం తెలివి తప్పిన తండ్రిని అర్థం చేసుకోవడానికి నవల చదవనక్కర లేదు. చదువుకున్న డాక్టరు, నిబ్బరమైన మనిషి, ఒక పెంపుడు పిల్లి శవాన్ని సంచిలో వేసుకుని చలికాలం రాత్రి పక్కింటి ముసలాయన వెంట మారు మాట లేకుండా అడవిలోకి ఎందుకు నడిచాడన్నదే నాకు అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు నవల ఇచ్చే సమాధానం దుఃఖం కాదనీ, మొహమాటమనీ నా వాదన. మొహమాటం అన్న మాటకు సరైన మాట ఇంగ్లీషులో నాకింతవరకు దొరకలేదు. బహుశా అందుకే ఆ నవల మీద వచ్చిన విమర్శల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు. ముందే చెబుతున్నాను, కథ చివరిదాకా విప్పి మాట్లాడబోతున్నాను; చదవాలనుకునేవాళ్ళు చదివి వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నవల 1983 నవంబరులో వచ్చింది. షికాగో నుంచి లూయిస్ క్రీడ్ అనే డాక్టరు, భార్య రేచెల్, బడికి వెళ్ళబోయే కూతురు ఎల్లీ, ఇంకా చంకలో ఉన్న కొడుకు గేజ్, చర్చ్ అని పిలుచుకునే పిల్లి, ఇంతమంది కారులో మూడు రోజులు ప్రయాణం చేసి అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో లడ్లో అనే చిన్న ఊరికి చేరుకుంటారు. అక్కడి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వైద్య విభాగానికి లూయిస్ అధికారిగా చేరాలి. దిగీ దిగగానే కూతురు ఉయ్యాల మీద నుంచి పడి మోకాలు చెక్కుకుంటుంది, కొడుకును తేనెటీగ కుడుతుంది, సామాను లారీ వాళ్ళు వచ్చే వేళకు తాళంచెవులు కనబడవు. ఇల్లు మారిన ఎవరికైనా ఆ ఘడియ తెలుసు. అందరూ అలిసిపోయి, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఎందుకు వచ్చామా అని నోటితో అనకుండా అనుకునే ఘడియ అది. ఈ కుటుంబాన్ని ఏదైనా ఊళ్ళో దించేసి, ఫ్లోరిడా పారిపోయి, డిస్నీ వరల్డ్‌లో మారుపేరుతో వైద్యుడి ఉద్యోగం చేసుకుంటే ఎలా ఉంటుందని లూయిస్ దారి పొడుగునా ఊహించుకుంటూ వస్తాడు. అంత ప్రేమగల తండ్రికి అంత మామూలు పాపపు ఊహను మొదటి పేజీల్లోనే ఇవ్వడం కింగ్‌కు తెలిసిన విద్య.

సరిగ్గా ఆ ఘడియలోనే రోడ్డుకు అవతలి ఇంటి ముసలాయన వస్తాడు. పేరు జడ్ క్రాండల్, వయసు 83. పిల్లవాడి మెడలో దిగిన ముల్లును చిటికెలో తీసేసి, సాయంత్రం బీరు తాగడానికి రమ్మంటాడు. ఆ మొదటి పరిచయంలోనే ఇంకో మాట కూడా చెబుతాడు: ఈ రోడ్డు మంచిది కాదు, రాత్రింబగళ్ళు పెద్ద బళ్ళు తిరుగుతాయి, పిల్లల మీద ఒక కన్నేసి ఉంచండి అని.

ఈ రోడ్డూ ఈ ఇల్లూ కల్పితం కావు. 1978లో కింగ్ మెయిన్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది పాఠాలు చెప్పడానికి ఒప్పుకుని, ఆరింగ్టన్ అనే ఊళ్ళో 15వ నంబరు రోడ్డు పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆ రోడ్డు మీద చనిపోయిన కుక్కలనూ పిల్లులనూ ఆ చుట్టుపక్కల పిల్లలు ఇంటి వెనక గుట్ట మీద పాతిపెట్టి, దానికి పెంపుడు జంతువుల శ్మశానమని చేతిరాతతో ఒక బోర్డు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో ఆ బోర్డు మీది అక్షరాలు తప్పు. సెమటరీ అన్న మాటలో 'సి' ఉండాల్సిన చోట 'ఎస్' రాశారు. మనం పలికినట్టే రాస్తాం గనుక తెలుగులో ఆ తప్పు ఎక్కడా కనబడదు. నవల పేరులో ఉన్న పసితనమంతా అనువాదం దాకా కూడా రాకుండా లిపి మారేసరికే ఆవిరైపోతుంది. కింగ్ కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే చనిపోయింది, ఆ గుట్ట మీదికే చేరింది. కొంతకాలానికి నడక నేర్చిన చిన్న కొడుకు రోడ్డు వైపు పరుగెత్తాడు, వెంట్రుకవాసిలో దక్కాడు. దక్కకపోయి ఉంటే అన్న ఊహలోంచి నవల పుట్టింది. రాసిన తరువాత మరీ చీకటిగా ఉందని సొరుగులో పడేసి, డబుల్‌డే ప్రచురణ సంస్థతో పాత ఒప్పందం తెంచుకోవడానికి ఇంకో పుస్తకం ఇవ్వాల్సి వచ్చి బయటికి తీశానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఈ పుస్తకం అచ్చయిందే ఒక బాకీ తీర్చడానికి.

బాకీ అన్న మాట దగ్గర నా సంగతి కొంత చెప్పుకోవాలి. 1991లో మా నాన్నగారికి కోదాడ బదిలీ అయింది. హైదరాబాదు–విజయవాడ రోడ్డు అప్పటికి 9వ నంబరు జాతీయ రహదారి, రెండు వరసలే. మా అద్దె ఇంటి గడపకూ ఆ రోడ్డుకూ మధ్య ఒక వేపచెట్టు, ఒక టీ బంకు. రాత్రి పూట బరువు లారీ వెళ్తే గూట్లో గ్లాసులు గలగలలాడేవి. సామాను దించుతుండగా పక్కింటి పెద్దమ్మ స్టీలు గిన్నెలో దోసకాయ పప్పు, దాని మీద మూతగా పెట్టిన పళ్ళెంలో అన్నం పట్టుకొచ్చి, "వంటిల్లు ఎప్పటికి సర్దుకుంటావు గానీ ముందు పిల్లలకు పెట్టమ్మా" అంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "పిల్లలను రోడ్డు దిక్కు పోనియ్యకు" అని కూడా అంది. పాతికేళ్ళ తరువాత ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పాత ప్రతిలో జడ్ ముసలాయన మొదటి మాటలు చదువుతుంటే నాకు ఆ గొంతే వినబడింది.

మా అమ్మ మర్నాడు ఆ గిన్నె తోమి, అందులో గుప్పెడు పంచదార పోసి పంపించింది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా ఇంట్లో నియమం. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పంచదార వచ్చిన గిన్నెను పెద్దమ్మ ఖాళీగా ఉంచుకోదు గదా, వారం తిరగకుండా అందులో నువ్వుల పొడి వచ్చింది. దానికి బదులు మా ఇంట్లో చేసిన అరిసెలు వెళ్ళాయి. ఆ గిన్నె మూడేళ్ళు అలా తిరుగుతూనే ఉంది. ఏ పూటా లెక్క సరిపోలేదు. సరిపోతే తిరగడం ఆగిపోతుంది, ఆగిపోతే సంబంధం ఆగిపోతుంది.

కింగ్ నవల మొదటి సగమంతా ఇలాంటి గిన్నె తిరగడమే. లూయిస్‌కు మూడో ఏటే తండ్రి పోయాడు. తండ్రి కావాల్సిన మనిషి నడివయసులో పక్కింట్లో దొరికాడని నవల మొదటి వాక్యమే చెబుతుంది. ప్రతి సాయంత్రం ముసలాయన వరండాలో బీరు, ఊరి కబుర్లు. పిల్లిని రోడ్డు మీదికి పోకుండా చేయాలంటే దానికి ఆపరేషను చేయించమని ఆయన చెబితే లూయిస్ చేయిస్తాడు. ఇంటి వెనక కాలిబాట గుట్ట మీది పెంపుడు జంతువుల శ్మశానానికి వెళ్తుంది, పిల్లలకు చూపిస్తానంటే సరేనంటాడు. ఆ నడక మూలంగా భార్యాభర్తల మధ్య పెద్ద గొడవ జరుగుతుంది, ఎందుకంటే రేచెల్ చిన్నప్పుడు ఆమె అక్క వెన్నెముక జబ్బుతో మంచాన పడి, ఇంట్లో ఈమె ఒక్కతే ఉన్నప్పుడు చనిపోయింది, అప్పటినుంచి చావు అన్న మాట ఆమె ముందు ఎత్తకూడదు. తరువాత హాలోవీన్ రాత్రి ముసలాయన భార్య నార్మాకు గుండెపోటు వస్తుంది. లూయిస్ అక్కడే ఉండి ఆమెను బతికిస్తాడు.

ఇక్కడే నవల మలుపు తిరిగిందని నేనంటాను. అప్పటిదాకా లూయిస్ తీసుకునేవాడు, జడ్ ఇచ్చేవాడు. హాలోవీన్ రాత్రితో లెక్క తలకిందులైంది. భార్య ప్రాణం నిలిపిన మనిషికి 83 ఏళ్ళ ముసలాయన ఏమిచ్చి ఋణం తీర్చుకోగలడు? బీరుతో తీరేది కాదు. నవంబరులో అమెరికన్ల పెద్ద పండుగకు రేచెల్ పిల్లల్ని తీసుకుని షికాగోలో పుట్టింటికి వెళ్తుంది. మామగారితో పడదు గనుక లూయిస్ ఒంటరిగా ఉండిపోతాడు. అప్పుడే పిల్లి రోడ్డు పక్కన చచ్చి పడి ఉంటుంది. కూతురికి ఏం చెప్పాలో తోచక నిలబడ్డ లూయిస్‌కు ముసలాయన తన దగ్గరున్న అతి పెద్ద వస్తువును ఇస్తాడు. పెంపుడు జంతువుల శ్మశానం వెనక దుంగలు అడ్డం పడి ఉన్న గుట్టను దాటి, బురదనేల మీదుగా, రాతిలో తొలిచిన మెట్లెక్కి, మిక్‌మాక్ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఒకప్పుడు వాడి వదిలేసిన శ్మశానానికి తీసుకుపోతాడు. కింద చూడకు, ఆగకు, నా వెనకే రా, అంతే. లూయిస్ అడగడు. రాతినేలలో గుంట తానే తవ్వాలంటే తానే తవ్వుతాడు.

ఆ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. ఎక్కడా బలవంతం లేదు, మాయమాట లేదు. లూయిస్‌కు చలేస్తుంది, భయమేస్తుంది, ఇదంతా పిచ్చితనమని అనిపిస్తుంది కూడా. కానీ ముందు నడుస్తున్నది తనకంటే రెండింతల వయసున్న, తనను కొడుకులా చూసుకుంటున్న మనిషి. వెనక్కి తిరిగితే ఆయన మాట తీసిపారేసినట్టవుతుంది. ఆ 'బాగుండదు' అన్న జంకు ఒక్కటే అతన్ని మెట్లెక్కించింది. ఇదే మనిషి పెళ్ళికి ముందు ఏం చేశాడో గుర్తుచేసుకోవాలి. నా కూతుర్ని వదిలేస్తే వైద్యవిద్య ఖర్చంతా నేనే కడతానని కాబోయే మామగారు చెక్కుబుక్కు తీస్తే, లూయిస్ మండిపడి గొడవ పెట్టుకుని బయటికి నడిచాడు. డబ్బు రూపంలో వచ్చిన ఋణాన్ని విసిరికొట్టగలిగినవాడు ప్రేమ రూపంలో వచ్చినదానికి తల వంచాడు. పిల్లి మర్నాడు తిరిగొస్తుంది, మట్టి కంపు కొడుతూ, తూలుతూ, పక్షుల్నీ ఎలుకల్నీ ఊరికే చీల్చి పారేస్తూ. చూసి, ఓర్చుకుని, లూయిస్ దాన్ని ఇంట్లోనే ఉంచుకుంటాడు. ఎవరో ప్రేమగా ఇచ్చిన వస్తువు నచ్చకపోయినా అటక మీద పెట్టుకుంటాం చూడండి, అలా.

కోదాడలో మా తమ్ముడికి కామెర్లు వచ్చినప్పుడు పెద్దమ్మ ఎక్కడో పక్క ఊళ్ళో పసరు పోసే మనిషి దగ్గరికి తీసుకెళ్తానంది. మా అమ్మ జువాలజీతో బీయస్సీ చదివింది. కాలేయం ఏం చేస్తుందో బొమ్మ గీసి చెప్పగలదు. అయినా తెల్లవారుజామున పరగడుపున వాణ్ణి చీరకొంగులో చుట్టుకుని మొదటి బస్సెక్కింది. మూడు రోజులు పసరు, ఉప్పూ నూనే లేని పత్యం. నాన్నగారు కోప్పడితే అమ్మ అన్న మాట నాకింకా జ్ఞాపకం: "ఇంత చేసిన మనిషి మాట ఎట్లా కాదంటామండీ?" తమ్ముడు బాగానే కోలుకున్నాడు. ఆ రకం కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయని తరువాత తెలిసింది. తగ్గకపోయి ఉంటే? పెద్దమ్మ చెడ్డమనిషి అయ్యేదా? అమ్మ మూర్ఖురాలయ్యేదా? రెండూ కావు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య ఏమీ అనుకోకుండా ఒక పిల్లవాడు పోయేవాడు. కింగ్ నవలలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే, తిరిగొచ్చిన పిల్లి కాదు.

మన భయానక నవలలు ఈ దారిన నడవలేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' పేరు వింటేనే ఇప్పటికీ వెన్ను జలదరించే పాఠకులు ఉన్నారు. అందులో చిన్నపిల్ల మీద చేతబడి జరిగేది ఆస్తి కోసం. కీడు తలపెట్టినవాళ్ళున్నారు, వాళ్ళకొక కారణం ఉంది, వాళ్ళను పట్టుకుంటే భయానికి ఒక అంతు ఉంది. కీడు శత్రువు నుంచి వస్తుందన్న నమ్మకం ఒక రకంగా ఓదార్పే. జడ్ క్రాండల్‌ను ఏమని పట్టుకుంటాం?

నా వాదనకు ఎదురు వాదన నవలలోనే ఉంది, దాన్ని దాచను. ముసలాయన తరువాత తన తప్పు ఒప్పుకుంటాడు. నార్మాను బతికించినందుకు నీకేదైనా చేయాలనుకున్నాను, కానీ ఆ చోటు నా మంచి తలంపును తన పని కోసం వాడుకుంది అన్న అర్థంలో మాట్లాడతాడు. ఆ చోటుకు ఒక లాగుడు ఉందనీ, ఒకసారి వెళ్ళినవాణ్ణి అది వదలదనీ, మనం చెప్పుకునే కారణాలన్నీ తరువాత అల్లుకున్నవేననీ అంటాడు. దీన్నిబట్టి నడిపించింది నేల గాని మనుషులు కారని చాలామంది తేలుస్తారు. నాకు ఆ తీర్పు ఒప్పదు. నేలకు నిజంగానే శక్తి ఉందనుకుందాం. అయినా అది వచ్చి తలుపు తట్టలేదు. ముసలాయన కృతజ్ఞత గుండా, కుర్రడాక్టరు మొహమాటం గుండానే రావాల్సి వచ్చింది. వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉంటూ ముఖాలు తెలియని నగరవాసులై ఉంటే ఆ నేల ఇప్పటికీ ఆకలితోనే ఉండేది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. లూయిస్ ఉద్యోగంలో చేరాక కళాశాల తెరిచిన మొదటి రోజే పాస్కో అనే విద్యార్థి కారు ప్రమాదంలో తల పగిలి అతని చేతుల్లో చనిపోతాడు. చనిపోయినవాడే ఆ రాత్రి లూయిస్ దగ్గరికి వచ్చి, ఆ దుంగల అడ్డు దాటవద్దని సూటిగా హెచ్చరిస్తాడు. ఆ నేల గురించి లూయిస్‌కు మొదట అందిన సరైన సలహా అదే. అది ఏ లావాదేవీ లేని మనిషి నుంచి వచ్చింది: అతను బీరు పోయలేదు, పిల్లవాడి ముల్లు తీయలేదు, మళ్ళీ రేపు ఎదురుపడడు. అందుకే ఆ మాటను కలగా కొట్టిపారేయడం లూయిస్‌కు తేలికైంది. కాళ్ళకు మట్టి, పక్క దుప్పట్లకు మట్టి అంటుకుని ఉన్నా సరే. పరాయివాడు చెప్పిన నిజం కంటే అయినవాడు చెప్పిన అబద్ధానికి మనం ఎక్కువ విలువిస్తాం. జడ్ చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు.

గోథిక్ నవలల పాత సంప్రదాయంలో, అంటే 1764లో ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్పోల్ మొదలుపెట్టినప్పటి నుంచి, భయం పాత కోటలోనో పాడుబడ్డ భవంతిలోనో ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గోడల మధ్య ఇరుక్కుంటారు. కింగ్ ఇక్కడ ఇంటిని నిర్దోషిగా వదిలేశాడు. క్రీడ్ కుటుంబం కొన్న ఇంట్లో ఏ గదీ మూసి లేదు, ఏ గోడా ఏడవదు. పాతదనమంతా పెరటి వెనక నేలలో ఉంది, దానికి దారి మాత్రం శుభ్రంగా గడ్డి కోసిన కాలిబాట. ఆ నేల ఎవరిదన్న తగువు మీద జడ్ ఒకచోట మాట్లాడతాడు: మిక్‌మాక్‌లు, మెయిన్ రాష్ట్రం, అమెరికా ప్రభుత్వం కోర్టులో పోట్లాడుకుంటున్నారు, ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదని. ఇది గాలిలోంచి తీసిన సంగతి కాదు. కింగ్ ఈ నవల రాస్తున్న కాలంలోనే మెయిన్‌లో ఆదివాసుల భూముల దావా దేశమంతా మాట్లాడుకునే విషయం. 1980లో పాసమక్వాడీ, పెనాబ్‌స్కాట్ తెగలతోనూ మాలసీట్ జాతిలోని ఒక బృందంతోనూ అమెరికా ప్రభుత్వం 8 కోట్ల 15 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. మిక్‌మాక్‌లకు అందులో చోటు దొరకలేదు. వాళ్ళ కోసం వేరే చట్టం రావడానికి 1991 దాకా పట్టింది. నవలలో శాపగ్రస్తమైన నేల సరిగ్గా ఆ ఒప్పందంలో మిగిలిపోయిన వాళ్ళది.

దీన్ని కింగ్ లోతుగా ఆలోచించి పెట్టాడని నేననను. పుస్తకంలో మాట్లాడే మిక్‌మాక్ మనిషి ఒక్కడూ లేడు. వాళ్ళు పొగమంచులోని పేరుగా మాత్రమే ఉన్నారు. ఆదివాసుల శ్మశానాన్ని భయపు సరుకుగా వాడుకునే అలవాటు అప్పటి అమెరికన్ కథల్లో విరివిగా ఉంది, ఈ నవల దానికి అతీతం కాదు. నేల కోల్పోయినవాళ్ళు బతికి కోర్టుల చుట్టూ తిరుగుతుండగా వాళ్ళ పూర్వీకులను దెయ్యాల లెక్కలో వేయడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ రచయిత అనుకున్నా అనుకోకపోయినా, ఇరుగుపొరుగుల మధ్య చిన్న చిన్న బాకీలన్నీ ఒద్దికగా తీర్చుకునే ఆ ఊరు అన్నిటికన్నా పెద్ద బాకీ మీద ఇళ్ళు కట్టుకుని కూర్చుందన్న సంగతి మాత్రం పుస్తకంలో అచ్చుపడింది.

ఇక పసివాడు. మార్చిలో తండ్రీ కొడుకులు గాలిపటం ఎగరేసే అధ్యాయం ఉంది. గాలి, పొలం, దారం లాగుతున్న చిన్న చేతులు, మునుపెన్నడూ లేనంత సంతోషం. ఆ మధ్యలో కింగ్ ఒక ఉపవాక్యంలో, ఇంకా రెండు నెలలు కూడా బతకని గేజ్ నవ్వాడు అని రాసేస్తాడు. ఉత్కంఠ అంటే ఏం జరుగుతుందో దాచడమని నమ్మేవాళ్ళు ఆ వాక్యాన్ని చూడాలి. తరువాతి భాగం చావుతో మొదలు కాదు, అంత్యక్రియల దగ్గర మొదలవుతుంది. ఆపైన ఒక అధ్యాయంలో లూయిస్ పరుగెత్తి ట్యాంకరు ముందు నుంచి కొడుకును పట్టి లాగేస్తాడు. పిల్లవాడు పెరుగుతాడు, ఈతలో రాణిస్తాడు, ఒలింపిక్స్ దాకా వెళ్ళి బంగారు పతకం తెస్తాడు. చదువుతున్న మనకు గుండె తేలికవుతుంది. అంతలో కల చెదిరి, చేతిలో నెత్తురు నిండిన చిన్న టోపీ మిగులుతుంది. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి రెండు రోజులు ముట్టుకోలేదు.

మా తాతగారు పరామర్శలకు వెళ్ళినప్పుడు ఒక శ్లోకం చెప్పేవారు: ఋణానుబంధ రూపేణ పశుపత్నీసుతాలయాః, ఋణక్షయే క్షయం యాంతి, కా తత్ర పరివేదనా. పశువులు, భార్య, బిడ్డలు, ఇల్లు, ఇవన్నీ ఋణానుబంధంగా వస్తాయి, ఋణం తీరగానే పోతాయి, అందులో ఏడవడానికేముంది అని. మెయిన్ రాష్ట్రపు అమెరికన్ రచయితకు ఈ శ్లోకం తెలిసే అవకాశం లేదు, కానీ ఆ నాలుగు మాటలూ వరసగా చూడండి. పిల్లి, భార్య, కొడుకు, ఇల్లు. లూయిస్ పోగొట్టుకున్నవి అవే నాలుగు. అతను చేసిన తప్పు ఋణం తీరిపోయిందని ఒప్పుకోకపోవడం. మన ఊళ్ళలో పసిబిడ్డ పోతే, "ఆ పిల్లాడికీ మనకూ అంతే ఋణం" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ వాక్యం లూయిస్‌కు చెప్పేవాళ్ళు లేరు. అతని ఇంట్లో చావు మాట నిషేధం, అతని వృత్తిలో చావు ఓటమి, అతని పొరుగువాడు చావుకు ఒక పక్కదారి చూపించాడు.

అలాగని ఆ శ్లోకమే మందని చెప్పడానికి నాకు నోరు రాదు. మా బంధువుల్లో ఒకామెకు కొడుకు పోయినప్పుడు మా తాతగారు అదే శ్లోకం చదివితే, ఆమె తలెత్తి, "మావయ్యా, మీరు ఇంటికెళ్ళండి" అంది. కాఫీ గ్లాసు కింద పెట్టి ఆయన లేచారు. ఆ తరువాత ఆయన ఆ శ్లోకం చెప్పగా నేను వినలేదు. కా తత్ర పరివేదనా అన్నది ప్రశ్న. దానికి ఆమె దగ్గర సమాధానం ఉంది. లూయిస్ దగ్గర కూడా ఉంది, పార రూపంలో.

చివరి పావు వంతు నవల నాకు మొదటి సగమంత నచ్చదు. తిరిగొచ్చిన పిల్లవాడు కత్తి పట్టుకుని ముసలాయననూ తల్లినీ చంపడం, లూయిస్ వాణ్ణి సూదిమందుతో రెండోసారి చంపడం, అవన్నీ భయపెడతాయి గాని ఎక్కువ కాలం వెంటాడవు. రేచెల్‌కు కూడా అన్యాయమే జరిగింది. అక్క చావు గురించి ఆమె నోరు విప్పి చెప్పుకున్న రాత్రి నవలలోకెల్లా బరువైన ఘట్టం. అంతటి మనిషిని షికాగో నుంచి ఆదరాబాదరా ఇంటికి పరుగెత్తించి చంపడానికే వాడుకున్నాడు రచయిత. అయితే ఆ గందరగోళంలోనూ ఒక సూక్ష్మం ఉంది. కొడుకు శవంతో కొండెక్కిన రాత్రి లూయిస్‌కు ముందు నడిచేవాడు లేడు. దారి తెలుసు, నియమం తెలుసు, గుంట ఎంత లోతు తవ్వాలో తెలుసు. ముసలాయన మాట కాదనలేక నేర్చుకున్న విద్యను ఇప్పుడు ముసలాయన వద్దన్నా వాడుతున్నాడు. భార్య శవంతో మూడోసారి ఎక్కినప్పుడు వద్దనడానికి ముసలాయన కూడా లేడు. ఇచ్చినవాడు చచ్చిపోయాడు, ఇచ్చినది మాత్రం తిరుగుతూనే ఉంది.

1994లో మాకు మళ్ళీ బదిలీ అయింది. లారీ ఎక్కించే రోజు పెద్దమ్మ దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది, అదే స్టీలు గిన్నెలో. సూర్యాపేట దాటాక గాని అమ్మ చూసుకోలేదు, గిన్నె మాతో వచ్చేసిందని. ఆ తరువాత రెండు ఉత్తరాలు నడిచాయి, ఆపైన అవీ ఆగాయి. అంచు మీద చుక్కలు చుక్కలుగా పెద్దమ్మ వాళ్ళ ఇంటిపేరు కొట్టించి ఉన్న ఆ గిన్నె ఇప్పటికీ మా అమ్మ వంటింట్లో పై అరలో ఉంది. ఆమె దాన్ని వాడదు, ఎవరికీ ఇవ్వనివ్వదు. కిందటి సంక్రాంతికి అర సర్దుతూ దించి చూశాను. అడుగున కొంచెం పంచదార పోసి ఉంది.